శోక మినహాయింపు పోను నాలుగున్నర అడుగులు

మా తాళ్లదిబ్బకు ఉప్పెన వచ్చి నలభై అయిదేళ్లయింది. ఆ సంగతి ప్రభుత్వానికి అంది మూడేళ్లయింది. మా ఊరికి పెళ్లి శుభలేఖలే పెళ్లయిన వారానికి వస్తాయి కాబట్టి దీనికి మేమేమీ నొచ్చుకోలేదు.

అందిన కబురు నిజానికి మంచిదే. మాకు తుఫాను షెల్టరు మంజూరైంది. మా ఊరికీ సముద్రానికీ మధ్య కాసిని మడచెట్లు, రెండు రొయ్యల చెరువులు, ఆ పైన భగవంతుడు తప్ప మరో అడ్డం లేదు. అందువల్ల ఊరంతా సంతోషపడింది. మంజూరు కాగితంలో ఒక నిబంధన ఉంది. షెల్టరు నేల స్థానికుల జ్ఞాపకంలో ఉన్న నీటిమట్టానికి తగ్గకుండా ఉండాలి, సదరు జ్ఞాపకాన్ని సంఘం వేసి నిర్ధారించాలి. ఇందులో మొదటి ముక్క ఎవరో ఉప్పెన తెలిసినవాడు రాశాడు. రెండో ముక్క ఆఫీసు తెలిసినవాడు రాశాడు. చివరికి ఎవరిది గెలిచిందో మీరే చూస్తారు.

నా పేరు పున్నారావు. పంచాయతీ గుమస్తాను. ‘జ్ఞాపక నిర్ధారణ సంఘం’ మినిట్సు రాసింది నేనే. కనుక నేను చెప్పబోయే ప్రతి దరిద్రం కిందా నా సంతకం ఉంది.

అసలు ఆ నీటిమట్టం నిర్ధారించడానికి సంఘమే అక్కర్లేదు. ఊరి చివర వీరంకి వాళ్ల తాటిచెట్టు ఉండేది. ఉప్పెన రోజున కల్లుగీసే వీరాస్వామి తన మోకుతోనూ, పెళ్లాం నాంచారమ్మ చీరలతోనూ అయిదుగురిని ఆ చెట్టు తలకు కట్టేసి బతికించాడు. ఆ అయిదుగురిలో మూడేళ్లవాడు ఒకడున్నాడు. వాడే ఇప్పుడు మినిట్సు రాస్తున్నాడు. వీరాస్వామి సొంత కూతురు మంగ, ఆరేళ్ల పిల్ల, మాత్రం చెట్టుదాకా రాలేదు. నాంచారమ్మ చేతిలోంచి జారిపోయింది. అత్త, మామ, మరిది కూడా ఆ రోజే పోయారు. ఊరి మొత్తం మీద అరవై ముగ్గురు.

నీళ్లు తీశాక మానుమీద బురదచార ఎక్కడిదాకా ఉందో చూసి, అక్కడ గీతకత్తితో గంటు పెట్టాడు వీరాస్వామి. నేల నుంచి పదహారు అడుగులు. ఏటా అదే రోజున ఆ గంటు దగ్గర ఒక చీరపేలిక కట్టడం మా ఊరి ఆనవాయితీ. పేలిక కట్టినప్పుడు అందరం తలెత్తి చూస్తాం. పిల్లలకు వేరే పాఠం చెప్పం, అదే పాఠం. వీరాస్వామి పోయాక పేలిక కట్టే పని పరసా గంగులు చేతికి వచ్చింది. వాడూ కల్లుగీత పనివాడే.

షెల్టరు మాట వినగానే డెబ్బై దాటిన నాంచారమ్మ కర్ర పొడుచుకుంటూ ఆఫీసుకొచ్చింది.

“ఒరేయ్ పున్నారావూ, ఆ కట్టేదేదో గంటుకన్నా ఎత్తున కట్టమని చెప్పరా. అది కళ్లారా చూసి పోతాను. నాకింకేం వద్దు.”

“అట్టాగే పెద్దమ్మా, కాగితంలో అదే ఉందిలే” అన్నాను. కాగితం చదివినవాణ్ణి కదా, ఆ మాత్రం ధీమా ఉండింది.

*

సంఘం బళ్లో సమావేశమైంది. దానికి అధ్యక్షులు ప్రత్యేకాధికారి గారు. ఆయన వెంట ఒక ఇంజినీరు గారు, మూడు జీపులు, రెండు పెట్టెల జీడిపప్పు వచ్చాయి. పిల్లలకు సెలవిచ్చేశారు. ప్రత్యేకాధికారి గారు మైకు సర్దుకున్నారు.

“జ్ఞాపకం అనునది జాతి సంపద. అయితే క్రమబద్ధీకరించని జ్ఞాపకం ప్రజలలో అనవసర భయాందోళనలకు దారితీయును. కావున తమ తమ జ్ఞాపకములను ఫారం రెండులో నింపి, రెండు ప్రతులలో సమర్పించవలసిందిగా కోరడమైనది.”

ఫారంలో మూడో గడి: సంఘటన సమయమున జ్ఞాపకకర్త స్వయముగా స్థలములో ఉన్నారా? లేనిచో సదరు జ్ఞాపకం చెల్లదు. ఈ మూడో గడిని దయచేసి గుర్తుంచుకోండి. ఎందుకో తర్వాత మీకే తెలుస్తుంది.

మొదట నాంచారమ్మను పిలిచారు.

“అమ్మా, తమరు భావోద్వేగమునకు లోను కాకుండా నీటిమట్టమును మాత్రమే జ్ఞాపకం చేసుకొనగలరు.”

“పదారడుగులు బాబూ. గంటు పెట్టుంది. చెట్టెక్కడికీ పోదు, కొలుసుకోండి.”

అందరూ చెట్టు దగ్గరికి నడిచారు. ఇంజినీరు గారు టేపు పట్టించారు. సరిగ్గా పదహారు. ఆయన కాగితం మీద రాసుకుని, తల వెనక్కి వాల్చి చెట్టు కొనదాకా చూశారు. ఆ చూపు చూసినప్పుడే నాకు ఎడమకన్ను అదిరింది.

“ఉప్పెన నాటికి ఈ చెట్టు ఎత్తు ఎంత?”

“ఇప్పటికి సగం ఉండుద్దండీ” అన్నాడు గంగులు పాపం, తెలిసిన సంగతి కదా అని.

“అయితే చెట్టు రెట్టింపు పెరిగింది. చెట్టుతో పాటు గంటు కూడా పైకి పోయింది. అప్పటికి దాని స్థానం పదహారులో సగం, అనగా ఎనిమిది అడుగులు.”

ఊరు ఊరంతా నోరు తెరిచింది. తాటిచెట్టును కారు అద్దంలోంచి తప్ప చూడని మనిషి ఉంటాడని మాకు తెలుసు. ఆ మనిషి దగ్గర ఇంజినీరు పట్టా కూడా ఉంటుందని మాత్రం మాకు తెలియదు.

గంగులు ముందుకొచ్చాడు. “అయ్యా, చెట్టు పెరిగేది మొవ్వులోనండీ, మొదట్లో కాదు. ఇదిగో చూడండి, నాకు పదేళ్లప్పుడు ఈ మానుమీద నా పేరు చెక్కాను. అప్పుడు నా గుండెలకాడుండేది, ఇప్పుడు నా మొలకాడుంది. నేను పెరిగానండీ, పేరు పెరగలా.”

ప్రత్యేకాధికారి గారు వంగి ఆ పేరు చూశారు. “ప్రభుత్వ పరిశీలనలో ఉన్న వృక్షముపై వ్యక్తిగత నామధేయములు చెక్కడం నేరం. ఇది ఎప్పుడు చేశావు?”

గంగులు ఆ పేరుమీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

అయినా సంఘం న్యాయమైన సంఘమే సుమండీ. గంగులు సందేహం తీర్చడానికి ‘మేకు పరిశీలన ఉపసంఘం’ వేసింది. గంటు పక్కన మేకు కొట్టి మూడు నెలలపాటు వారానికోసారి వచ్చి కొలిచారు. మేకు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. గంగులు ఊళ్లో అందరికీ మిఠాయి పంచాడు, ఇంక గెలిచినట్టే అనుకుని. ఉపసంఘం నివేదిక ఇలా వచ్చింది: ‘మేకు కొట్టిన కారణముగా చెట్టు పెరుగుదల ఆగిపోయినట్లు రూఢి అయినది. మేకునకు పూర్వపు పెరుగుదల విషయమై ఇంజినీరు వారి లెక్కతో ఉపసంఘం ఏకీభవించడమైనది.’

ఆ నివేదిక శుభ్రంగా కాపీ రాసింది నేనే. నా చేతిరాత బాగుంటుందని ప్రత్యేకాధికారి గారు మెచ్చుకున్నారు కూడా.

*

ఎనిమిది అడుగులైనా నిలిచి ఉంటే అదొక దారి. రెండో సమావేశంలో శోక మినహాయింపు పట్టిక బయటికి తీశారు.

దాని తాత్పర్యం ఏమిటంటే, ఆప్తులు పోయినవాళ్లకు నీళ్లు ఉన్నదానికంటే ఎక్కువగా కనబడతాయట. ఇది ఏదో పట్నంలో, చల్లటి గదిలో, పెద్దలు కూర్చుని తేల్చిన సత్యం. కాబట్టి బంధుమరణం ఒక్కింటికి పదిశాతం చొప్పున జ్ఞాపకంలోంచి తగ్గించాలి. నాంచారమ్మకు పోయింది నలుగురు. నలభై శాతం కొట్టేశారు. ఎనిమిది అడుగులు కాస్తా అయిదుకు రెండంగుళాలు తక్కువకు దిగింది. దాన్ని లెక్క సౌకర్యం కోసం నాలుగున్నర చేశారు.

“మరి ఎవరూ పోనివాళ్ల మాటో?” అని అడిగాను, నా ఖర్మ కాలి.

“అట్టి జ్ఞాపకం నూటికి నూరుపాళ్లు ప్రామాణికం” అన్నారు ప్రత్యేకాధికారి గారు. “అటువంటి వారు ఊరిలో ఎవరైనా ఉన్నారా?”

ఒకరున్నారు. చలమయ్య గారు. ఊరికి ఆ కొసన, మెరకమీద, అప్పట్లోనే రెండంతస్తుల మేడ ఆయనది. ఉప్పెన రోజున జనం ఆ మేడ వైపే పరుగెత్తారు. గేటుకు తాళం వేసి ఉంది. ఎంత కొట్టినా తీయలేదు. లోపల చలమయ్య గారు పై అంతస్తులో నిద్రపోతున్నారు. ఆయనకు పోయినవాళ్లంటూ ఎవరూ లేరు, ఒక కుర్చీ పోయింది.

“మోకాలిలోతు ఉంటాయండీ” అన్నారు చలమయ్య గారు జీడిపప్పు నములుతూ. “పొద్దున్నే లేచి చూస్తే వాకిట్లో కాస్త బురదగా ఉంది. జనానికి కంగారెక్కువ.”

ఈ సాక్ష్యాన్ని సంఘం చప్పట్లతో నమోదు చేసింది. మోకాలిలోతుకు నాలుగున్నర ఎక్కువే కాబట్టి, ప్రజల మనోభావాలను గౌరవించి ఎక్కువనే ఖాయం చేస్తున్నామని ప్రకటించింది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. లెక్క ఒకసారి మొదలైతే చివరిదాకా పోకుండా ఆగదు కదా. నీళ్లు నాలుగున్నర అడుగులని తేలాక, చనిపోయినవాళ్ల పట్టీ సరిచూడాల్సి వచ్చింది. నాలుగున్నర అడుగుల నీళ్లలో అయిదడుగుల మనిషి మునగడం శాస్త్రసమ్మతం కాదు. అందుకని అరవై ముగ్గురిలో నలభై నలుగురు పెద్దవాళ్లను ‘స్వీయ అజాగ్రత్త’ కింద వేరే పేజీలోకి మార్చారు. మిగిలిన పంతొమ్మిది మంది పిల్లల ఎత్తు ఎంతో తల్లులను పిలిచి అడిగారు.

“మీ కుమార్తె ఎత్తు?”

నాంచారమ్మ లేచి నిలబడి, నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. నలభై ఏళ్లు దాటినా ఆ చెయ్యి తడుముకోలేదు, తిన్నగా అక్కడికే పోయింది.

“మూడున్నర” అన్నారు ఇంజినీరు గారు. “సరిపోయింది. ఈమె మునక ఆమోదించవచ్చు.”

“మా మంగ చచ్చిపోయిందని ఒప్పుకున్నారా బాబూ?” అంది నాంచారమ్మ. “మా అత్త చావలేదా అయితే? ఆవిడెక్కడుందో కాస్త చెప్పండి, పోయి తెచ్చుకుంటాను.”

“మినిట్సులో వ్యంగ్యం రాయనవసరం లేదు” అన్నారు ప్రత్యేకాధికారి గారు నాతో.

నేను రాయలేదు. ఛీ, నా బతుకు. నన్ను వీపున కట్టుకుని చెట్టెక్కించిన మనిషి పెళ్లాం ఎదురుగా నిలబడి అడుగుతుంటే, నేను తలకాయ వంచుకుని కాగితానికి మార్జిన్ గీశాను.

*

షెల్టరు ఏడాదిలో లేచింది. నేల నాలుగున్నర అడుగుల ఎత్తున. ఆ పైన పది అడుగుల గది. మొత్తం పద్నాలుగున్నర. మేడమీదికి మెట్లు లేవు, నీళ్లు అంతదాకా రావని నిర్ధారణ అయింది కనుక మెట్లు దండగ.

ప్రారంభోత్సవానికి ముందు ఒక తాఖీదు వచ్చింది. ‘ఆమోదిత జ్ఞాపకమునకు విరుద్ధమైన గుర్తులు గ్రామములో ఉన్నచో తక్షణమే తొలగించవలెను.’ మా ఊళ్లో అలాంటి గుర్తు ఒకటే ఉంది. దాన్ని కొట్టడానికి గంగులునే పిలిచారు. వాడు రానన్నాడు. పక్క ఊరి వాళ్లు రంపం తెచ్చారు.

చెట్టు పడకముందు నాంచారమ్మ గంగులును చివరిసారి ఎక్కించింది. వాడు గంటుకు కొస ఆనించి కొబ్బరి తాడు కిందికి వదిలి, నేలకు తగిలిన చోట ముడేశాడు. ఆ తాడు చుట్ట చుట్టి ఆవిడ చేతికిచ్చాడు. తర్వాత చెట్టు పడింది. నా కళ్లముందే పడింది. నాకేమనిపించిందో చెప్పడం నాకు చేతకాదు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. ప్రత్యేకాధికారి గారు నాంచారమ్మకు శాలువా కప్పి, ‘ఉత్తమ జ్ఞాపకకర్త’ అని చెక్కిన పళ్లెం చేతికిచ్చారు. షెల్టరు గోడమీద నాలుగున్నర అడుగుల దగ్గర ఇత్తడి కొక్కెం బిగించారు. ఇకమీదట చీరపేలిక అక్కడ కట్టాలి. ఫొటో తీయడానికి కూడా అదే అనువైన ఎత్తట.

“కట్టండమ్మా. సంప్రదాయమును ప్రభుత్వం గౌరవిస్తున్నది.”

నాంచారమ్మ పేలిక కట్టలేదు. పళ్లెం నా చేతిలో పెట్టి, కొంగులోంచి తాడు తీసింది. “గంగులూ, పైకెక్కరా” అంది.

గంగులు వెనక గోడ పట్టుకుని పైకి పాకాడు. చూరు అంచున నిలబడి తాడు కిందికి వదిలాడు. ముడి నేలకు తగిలింది. పైన వాడి చేతిలో తాడు ఇంకా మిగిలింది. ఒక మూరెడు. వాడు ఆ మూరెడు తాడూ గాలిలోకి నిలబెట్టి పట్టుకున్నాడు.

“ఆ కొసదాకా వచ్చినయ్ బాబూ నీళ్లు” అంది నాంచారమ్మ. “మీరు కట్టిన మేడ మునిగి, దానిమీద మూరెడు. ఇప్పుడు చెప్పండి, మమ్మల్ని ఎక్కడ నిలబడమంటారు?”

ప్రత్యేకాధికారి గారు ఇంజినీరు గారి వైపు చూశారు. ఇంజినీరు గారు తాడు వైపు చూశారు.

“పీచు తాడు సార్. సాగుతుంది.”

“తాడు సాగినట్లు రాయండి” అన్నారు ప్రత్యేకాధికారి గారు. అదీ రాశాను. ప్రభుత్వం వారి లెక్కలో చెట్లు పెరుగుతాయి, తాళ్లు సాగుతాయి, ఆడవాళ్లు ఏడుస్తారు. మారనిది నాలుగున్నర ఒక్కటే. తాళంచెవి నాకు అప్పజెప్పి జీపులెక్కారు.

*

మొన్న కార్తీకంలో వాయుగుండం పట్టింది. పొద్దున పది గంటలకు తాఖీదు వచ్చింది: గ్రామస్థులందరినీ షెల్టరులోకి చేర్చి, తలుపులు మూసి, చేర్చినట్లు ధ్రువీకరణ పంపవలెను.

మైకు కట్టిన ఆటో సిద్ధంగా ఉంది. నేను చెప్పాల్సిన మాటలు కాగితం మీద ఉన్నాయి. షెల్టరు ముందు నాంచారమ్మ కర్రమీద ఆనుకుని నిలబడి ఉంది. నన్ను తిట్టినా బాగుండేది.

“తాళం తియ్యరా” అంది. “జనాన్ని లోపలికి తోలు. రాసింది నువ్వేగా.”

నాకు చలమయ్య గారి గేటు గుర్తొచ్చింది. ఆ తాళం తీయక జనం చచ్చారు. ఈ తాళం తీస్తే చస్తారు. జేబులోంచి తాళంచెవి తీసి మురుగుకాలవలోకి విసిరేశాను. అది మినిట్సులో లేదు, ఇక్కడే చెబుతున్నాను.

తర్వాత మైకు అందుకుని, “షెల్టరు తాళంచెవి పోయిందహో! అందరూ ట్రాక్టర్లెక్కి మార్కెట్ యార్డుకు పదండహో!” అని అరిచాను. యార్డు పన్నెండు మైళ్లు, గట్టినేల. గంగులు రెండు ట్రాక్టర్లు, నాలుగు రొయ్యల వ్యాన్లు తోలుకొచ్చాడు. పడకమీది ముసలివాళ్లను మంచాలతో సహా ఎత్తించాడు. మధ్యాహ్నానికి ఊళ్లో కుక్కలు కూడా మిగల్లేదు. చలమయ్య గారు కూడా వ్యానెక్కారు. మోకాలిలోతుకు ఆయనెందుకు ఎక్కారని ఎవరూ అడగలేదు. నాంచారమ్మే జరిగి చోటిచ్చింది.

ఉప్పెన వచ్చింది. నాలుగో రోజున తిరిగొచ్చి చూస్తే ఇళ్లు లేవు. షెల్టరు ఉంది. షెల్టరు నెత్తిన ఒక చేపల పడవ ఉంది. పడవ అడుగు దెబ్బతినలేదు, ఎవరో మెల్లగా దించి పెట్టినట్టు కూర్చుని ఉంది.

ప్రభుత్వ నివేదిక వారంలో వచ్చింది. ‘తాళ్లదిబ్బ షెల్టరులో ఒక్క ప్రాణనష్టమైనను సంభవించలేదు. దీనినిబట్టి నాలుగున్నర అడుగుల నిర్ధారణ సరియైనదని రుజువైనది.’ పడవ గురించి చివర ఒక ముక్క ఉంది: ‘గ్రామస్థులు ఎండబెట్టుకొనుటకై పైన ఉంచినదిగా భావించడమైనది.’ దాంతోపాటు తాళంచెవి పోగొట్టినందుకు నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది.

మళ్లీ షెల్టరు కట్టాలంటే మళ్లీ జ్ఞాపకం నిర్ధారించాలి. మళ్లీ సంఘం వచ్చింది. ఈసారి బడి లేదు కనుక టెంటు వేశారు. జీడిపప్పు వచ్చింది. మళ్లీ ఫారం రెండు పంచారు.

నాకు మాత్రం ఈసారి కొంచెం ఆశ పుట్టింది. లేచి నిలబడి చెప్పాను. “అయ్యా, ఈ ఉప్పెనలో మా ఊరివాళ్లు ఒక్కరూ పోలేదు. పట్టిక ప్రకారం శోక మినహాయింపు సున్నా. ఊరందరి మాటా నూటికి నూరుపాళ్లు ప్రామాణికం.”

ప్రత్యేకాధికారి గారు పట్టిక తిరగేశారు. ఇంజినీరు గారు తిరగేశారు. ఎంత తిరగేసినా సున్నా సున్నాగానే ఉంది. మొదటిసారి ప్రత్యేకాధికారి గారి ముఖంలో చెమట చూశాను.

“సరే. నీటిమట్టం?”

“మేడ మునిగి, ఆ పైన మూరెడు” అంది నాంచారమ్మ. “పదారు. అప్పుడూ అదే, ఇప్పుడూ అదే. పడవనడగండి.”

నేను పదహారు అని రాశాను. నా చేతిరాత అంత బాగా ఎప్పుడూ రాలేదు. ఇంతలో ఇంజినీరు గారు ఫారంమీద వేలు పెట్టారు. మూడో గడి. ప్రత్యేకాధికారి గారి ముఖం తేటపడింది.

“అమ్మా, సంఘటన సమయమున తమరు స్వయముగా స్థలములో ఉన్నారా?”

“లేను బాబూ.”

“గ్రామస్థులలో ఎవరైనా ఉన్నారా?”

ఎవరూ లేరు. అందరం యార్డులో ఉన్నాం.

“స్థలములో లేనివారి జ్ఞాపకం చెల్లదు. సాక్షులు లేరని రాయండి” అన్నారాయన నాతో.

నాంచారమ్మ కర్ర ఊతంతో లేచింది. “రాయరా పున్నారావూ. ఆ పక్కనే నా మాట కూడా రాయి. అక్కడ లేం గనకనే ఇక్కడున్నాం.”

ప్రత్యేకాధికారి గారు వద్దన్నట్టు చెయ్యి ఊపారు. నేను రెండూ రాసి, కింద సంతకం పెట్టాను.